సువార్తమ్మ సంచి

కోడలు పొద్దున గిన్నెలోకి బియ్యం ఒంపుతుంటే, ఆ గలగల విని నా చెయ్యి ఇప్పటికీ దానంతటదే ముందుకు పోతుంది. ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తాను. "మామయ్యా, ఇప్పుడు చర్చిల గివి ఎవ్వలడుగుతున్నరు?" అంటుంది కోడలు. అడగకపోయినా వేస్తాను. ఆ అలవాటు నాకు సువార్తమ్మ వల్ల వచ్చింది. ఆమెను చూసి నేను కుళ్ళుకున్నంతగా ఈ లోకంలో మరెవరినీ చూసి కుళ్ళుకోలేదు.

పటాన్‌చెరు పక్కన ఒక చిన్న క్రైస్తవ సంఘానికి నేను ఉపదేశిగా వచ్చింది అరవైల చివర. చుట్టూ పొలాల్లో ఫ్యాక్టరీల గోడలు లేస్తున్న రోజులు. సువార్తమ్మ అప్పటికే అక్కడ ఏళ్ళ తరబడి బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చే మనిషి. నేను బైబిలు బడిలో చదివి వచ్చినవాణ్ణి, ఆమె కూడబలుక్కుని చదివేది. అయినా ఎవరింట్లో జ్వరం వచ్చినా కబురు ఆమెకే వెళ్ళేది. మొగుడూ పెళ్ళాల గొడవలూ ఆమె ముందే. నేను గంటసేపు చెమటోడ్చి ప్రసంగిస్తే, బయటికొచ్చి అందరూ ఆమె చుట్టూ మూగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మా సంఘంలో ఆడవాళ్ళు వంటకు గింజలు తీసినప్పుడల్లా, బియ్యమో జొన్నలో, దేవుడి పేరిట ఒక పిడికెడు పక్కన పెట్టేవాళ్ళు. ఆదివారం ఆ మూట కొంగు చాటున తెచ్చి, చర్చి గుమ్మం దగ్గర సువార్తమ్మ పట్టుకున్న సంచిలో ఒంపేవాళ్ళు. ఎవరు ఎంత తెచ్చారో పక్కవాళ్ళకు తెలిసేది కాదు.

ఆమె బలమంతా ఆ సంచిలోనే ఉందని నాకు తోచింది. ఒక ఆదివారం దాన్ని నేనే తీసుకున్నాను. మానిక పెట్టి కొలిపించి, తెచ్చినవాళ్ళ పేర్లు ఆరాధనలో చదివాను. సంఘంలో ఉత్సాహం పెరగాలి అన్నాను. మొదటి వారం సంచి నిజంగానే నిండింది. నేను గెలిచినట్టు ఆమె వంక చూశాను. ఆమె వెనక చాపల మీద కూర్చున్నవాళ్ళను చూస్తోంది.

నెల తిరిగేసరికి వెనక చాపలు ఖాళీ అయ్యాయి. ఫ్యాక్టరీల్లో ఆదివారం డ్యూటీలు పడుతున్నాయిలే అని సర్దిచెప్పుకున్నాను. రూతమ్మ అనే ఆవిడ వరుసగా మూడు వారాలు రాకపోతే నిలదీద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్త గోడల పనికి పోయి జ్వరంతో పడి ఉన్నాడు. పొయ్యి దగ్గర సువార్తమ్మ జొన్న గటక కలుపుతోంది. ఇక్కడా నాకంటే ముందే! జబ్బు మనిషిని పలకరించడం కూడా మరచిపోయాను.

"నీకెవరు చెప్పిన్రు, సువార్తమ్మా?"

"ఎవలు జెప్తరు, అయ్యగారూ? సంచి నా చేతిల ఉన్నప్పుడు ఎవ్వలి మూట రాలేదో, ఎవ్వలిది సగమైందో ఎరుకయ్యేది. పొద్దుగూకకముందే సంచి వట్టుకోని గా ఇంటికి వోయేదాన్ని. ఇప్పుడు ఎరుకైతలేదు. ఇగ ఇల్లిల్లూ తిరిగి సూస్తున్న."

రూతమ్మ తల దించుకుంది. "ఇంట్ల పిడికెడు గింజల్లేవు, అయ్యగారూ. మీరు అందరి ముంగట పేర్లు సదువుతుంటే ఉత్త చేతులతోని ఎట్ల రావాలె?"

"మూసిన పిడికిలి ఇప్పి సూపిస్తిరి, అయ్యగారూ," అంది సువార్తమ్మ. గొంతులో కోపం లేదు. కోపపడి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

మరుసటి ఆదివారం పేర్లు చదవలేదు. అందరి ముందూ తప్పు ఒప్పుకుని సంచి ఆమె చేతికిచ్చాను. సాయంత్రం ఆ సంచి భుజాన వేసుకుని, మూట రాని ఇళ్ళకు ఆమె వెనకే నడిచాను. వెనక చాపలు మళ్ళీ నిండడానికి ఏడాది పట్టింది. ఆమె పోయాక ఆ తిరుగుడు నా పనే అయింది. ఒక్క ఆదివారం కూడా మానలేదు.

నేను పని చాలించిన రోజు రూతమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "అయ్యగారూ, మీరొచ్చి కూసుంటే అచ్చం సువార్తమ్మ వచ్చినట్టే ఉండేది."

నా బతుకు మొత్తంలో అంతకు మించిన మెప్పు దొరకలేదు. అదీ ఆమె ఖాతాలోకే పోయింది.