గుర్తులు పెట్టిన కంప్యూటర్

తెలంగాణ వచ్చిన కొత్తలో జడ్చర్లలోని మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. దాన్ని నడపడం ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. మా అత్తమ్మకు చదువు రాదు. ఒగ్గు కథ వినాలన్నా, ఆత్మకూరులో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడాలన్నా నేనే పెట్టివ్వాలి. "బిడ్డా, జర గది పెట్టు" అని పిలిచేది. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్లేదాన్ని. పైకి విసుక్కునేదాన్ని గాని, ఆ పిలుపు వింటే లోపల ఎంత గర్వమో నాకే తెలుసు.

కొన్నేళ్లకు మరిదికి పెళ్లయి యారాలు వచ్చింది. వచ్చి నెల తిరగలేదు, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని తెర మీది గుర్తులన్నీ మార్చేసింది. ఒకే తీరుగా ఉండే పసుపు ఫోల్డర్లు పోయాయి. ఒగ్గు కథలకు డోలు బొమ్మ, వీడియో కాల్‌కు మా ఆడబిడ్డ మొహం, పెళ్లి ఫోటోలకు పందిరి, అత్తమ్మ తమ్ముడు పంపే మందల వీడియోలకు నల్ల గొర్రె.

"మీ పుట్టింట్ల మందలు కలిసిపోకుంట గొర్ల మీద రంగు గుర్తులు పెడ్తరు గదా అత్తమ్మా, గిది గూడ గట్లనే" అని చెప్పింది.

మహా తెలివి. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి పోతే ఐకాన్ మార్చుకోవచ్చని నాకూ తెలుసు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా చేయాలని తోచలేదు. తోచినా చేసేదాన్ని కాదేమో.

వారం తిరిగేసరికి అత్తమ్మ మౌస్ పట్టుకుని అన్నీ తనే తెరుచుకుంటోంది. అది చూసి పక్కింటామె "ముందొచ్చిన చెవులకంటే ఎనకొచ్చిన కొమ్ములు వాడి" అని నా ముందే నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల మంచిదే, పనిమంతురాలే. నాకు ఇంకా ఒళ్లు మండింది అందుకే. ముందు గదిలోంచి డోలు చప్పుడు వచ్చినప్పుడల్లా వంటింట్లో చెవులు రిక్కించేదాన్ని. "బిడ్డా" అన్న పిలుపు రాలేదు.

ఒకరోజు అందరూ చెలకకు పోయినప్పుడు ఆ బొమ్మల్ని తారుమారు చేశాను. డోలు ఉన్న దానికి గొర్రె పెట్టాను, గొర్రె ఉన్న దానికి పందిరి. అత్తమ్మ తికమకపడి నన్ను పిలవాలి, నేను సరిచేయాలి. అంతకు మించి నాకేమీ అక్కరలేదు.

సాయంత్రం ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను పక్కనే బియ్యం చెరుగుతూ కూర్చున్నాను. ఆమె తెరను కాసేపు చూసి, గొర్రె బొమ్మ మీద నొక్కింది. ఒగ్గు కథ మొదలైంది.

"గొర్రె మీద నొక్కితివి గదా అత్తమ్మా, కథ ఎట్లొచ్చె?" అని నోరు జారాను.

"రంగు ఎవలన్న పూస్తరు. ఏది ఏడ నిలవడ్తదో నాకెర్క లేదా? గొర్ల మీద గుర్తులు గూడ పక్క మందోళ్ల కోసమే, మనకోసం గాదు" అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. కథ చప్పుడు కాస్త తగ్గించి, "మార్చింది నువ్వేనని చిన్నదానికి చెప్పనులే. మల్ల తీరుగ పెట్టు" అంది.

తప్పు చేసినదాన్ని, నోరు మూసుకోవాలి. మూసుకోలేకపోయాను. "అందరి బొమ్మలు పెట్టుకున్నవు, నాది ఒక్కటి లేకపాయె" అన్నాను.

"నీకెందుకు బిడ్డా? ఇంట్లనే ఉంటివి, పిలిస్తె వస్తవు" అంది.

ప్రేమగానే అంది. కానీ ఆమె నన్ను పిలిచి ఇరవై రోజులు దాటింది.

బొమ్మలన్నీ ఎప్పటిలా పెట్టేశాను. మర్నాడు పొద్దున సిగ్గు విడిచి, యారాలి చేతికి నా ఫోటో ఒకటి ఇచ్చాను. అత్తమ్మకు దీన్ని కూడా పెట్టమన్నాను.

"పెడ్త అక్కా" అంది ఆ పిల్ల, వెటకారమేమీ లేకుండా. "నొక్కితే ఏం తెరుసుకోవాలె?"

తెర మీది బొమ్మల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. నేను తెరిచిపెట్టేవన్నీ అప్పటికే వేరే బొమ్మల కింద ఉన్నాయి.