నేలవేము ఆకు, మూత తీసిన సీసా

మదనపల్లెలో కుప్పం బస్సెక్కి కూర్చున్నానో లేదో, పక్క సీటు పెద్దాయన ఒక ఆకు నా చేతిలో పెట్టి, "నమిలి సెప్పప్పా, సేదుండాదా?" అన్నాడు. బస్సులో వేరుశెనక్కాయలు పంచేవాళ్ళను చూశాను గానీ, చేదు పంచే మనిషిని చూడటం అదే మొదలు.

ఆయనది నిమ్మనపల్లె పక్క పల్లె. వేసిన పంట నేలవేము. దాని చేదే మందు. చేదు చాలదని కుప్పం వ్యాపారి పోయినసారి సరుకు తిప్పి పంపాడట. కోతకు ముందు నీళ్ళు ఆపితే మొక్క అల్లాడి చేదెక్కుతుందని సలహా కూడా ఇచ్చాడట. మనుషుల విషయంలో అది నిజమే, మొక్కల సంగతి నాకు తెలియదు. ఈయన ఇరవై రోజులు ఆపాడు. సగం చేను ఎండిపోయింది.

"మిగిలిండేదాంట్లో శాంపిల్ తీసకపోతాండా. ఈసారీ వద్దంటే దున్నేసేదే. పొద్దున్నించీ నమిలి నమిలి నా నాలిక సచ్చిపోయిండాది. నువ్వు సెప్పు."

నమిలాను. చేదు మా హాస్టల్ కాకరకాయ కూరంత ఉంది, అంతే. అయినా నటనకు నాలో లోటు లేదు. మొహమంతా ముడిచి, ముందు సీటు కమ్మీ పట్టుకుని, "పాణం పోతాండాది పెద్దాయనా" అన్నాను.

ఆయన నవ్వలేదు. నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. అది నాకోసమని అప్పుడు నాకు తట్టనేలేదు. పుంగనూరు వచ్చేసరికి మూత బిగించాడు.

"నిజ్జంగా సేదుంటే నీళ్ళడుగుతావు గదప్పా."

కుప్పం టికెట్టు జేబులో ఉండగానే శాంపిల్ సంచి తీసుకుని అక్కడే దిగిపోయాడు. బస్సు కదిలాక, నీళ్ళు కావాలని కిటికీలోంచి అరిచాను. ఆయన వెనక్కి తిరగలేదు.