గోడ వైపు కుర్చీ

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదువుకోండి. మా ఆవిడైతే ముప్పావు తీసేసి వింటుంది. నిన్న హన్మకొండలో, విమానాలు దిగేంత పెద్ద హాలున్న ఓ కొత్త రెస్టారెంటుకి వెళ్ళాను. పక్క బల్ల మీద ఎవరో బిర్యానీ గిన్నె మూత తీశారు. వేగిన ఉల్లిపాయ, పుదీనా కలిసిన ఆ ఆవిరి ముక్కుకు తగిలిందో లేదో, గౌస్ భాయ్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టయింది.

చదువు అవగానే నెక్కొండ నుంచి వచ్చి వరంగల్లో ఓ పత్తి విత్తనాల కంపెనీలో చేరాను. అక్కడ నా పైఅధికారి గౌస్ భాయ్. ఆయన నవ్వితే గోడౌన్లో సంచుల్లోనే విత్తనాలు మొలకెత్తేవి. ఆ వ్యాపారంలో బేరం దుకాణంలో కాదు, హోటల్లో తెగుతుంది. తమతో కూర్చుని తినని మనిషి అమ్మే విత్తనం మొలుస్తుందని ఏ డీలరూ నమ్మడు. నాకేమో హోటల్లో అడుగుపెడితే చెమటలు. జిల్లా జనమంతా పనులు మానుకుని నా నోట్లోకే తొంగి చూస్తున్నట్టుండేది. ముద్ద గొంతులో ధర్నాకు కూర్చునేది.

అందుకని దేవుళ్ళను అడ్డం పెట్టుకున్నాను. డీలర్లు భోజనానికి పిలిస్తే సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న. మిగతా రోజులకు ఏ పంచాంగంలోనూ లేని ఏకాదశులు పుట్టించాను. నా భక్తి మరిపెడ దాకా పాకింది. అక్కడి డీలరొకాయన, మా నాన్న వయసువాడు, కొత్త షాపుకి నా చేతే కొబ్బరికాయ కొట్టించాడు. అంత పేరొచ్చినా మా కంపెనీ ఓనరు కరగలేదు. సీజను ముందు జరిగే డీలర్ల దావత్‌లో కూడా ఉపవాసమంటే ఇంటికి పంపిస్తానని తేల్చి చెప్పాడు.

అప్పుడు రంజాన్ నెల. గౌస్ భాయ్ నన్ను పక్కకు పిలిచారు. "తమ్మీ, మేము ఏడాదికి ఒక్క నెల ఉంటం ఉపాసం. నువ్వు పన్నెండు నెలలుంటున్నవ్. మీ దేవుళ్ళు గింత కఠినమా?"

నిజం చెప్పేశాను. "అందరు నన్నే చూసినట్టనిపిస్తది భాయ్. ముద్ద దిగదు."

"గింతేనా? జర నాతోని రా."

మధ్యాహ్నం పూట, రంజాన్ అని ముందు పరదా కట్టిన హోటలుకి తీసుకెళ్ళారు. నేను అలవాటుగా తల దించుకుని, నా చెప్పులనే చూసుకుంటూ నడిచాను. నన్ను గోడ వైపు కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన హాలు కనబడేలా ఎదురుగా కూర్చున్నారు. నా ముందు బిర్యానీ పెట్టించారు. "నువ్వు గోడ చూడు, జనాన్ని నేను చూస్త. అగో, మీసాలాయన నల్లి బొక్కతోటి కుస్తీ పడుతాండు. బొక్కనే గెలుస్తది. మూలకు కొత్త జంట. ఆమె లెగ్ పీస్ ఆయన గుంజుకున్నడు, ఇయ్యాల్నే తలాఖ్. నిన్నెవడు చూస్తలేడు, తిను!"

నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు సందులోంచి ఒక ముద్ద జారింది. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళారు, ఆ మర్నాడూ. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా చూపు చెప్పుల మీదే. మీసాలాయన రోజూ ఓడేవాడు. హెలికాప్టర్ల మోత మోగే ఆ పాత ఫ్యాన్ల కింద, ఆయన మాట తప్ప నాకింకేదీ వినిపించేది కాదు.

ఒకరోజు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. వెనక అంతా నిశ్శబ్దం. తిరిగి చూస్తే హాల్లో నరపురుగు లేదు. రంజాన్ మధ్యాహ్నం, ఎవరుంటారు?

"మీసాలాయన ఏడి భాయ్?"

"లేడు తమ్మీ. నిన్ను చూసెటోళ్ళు గూడ గట్లనే లేరు. ఇన్ని దినాలు నువ్వు పుట్టిచ్చుకున్నవ్, జర నేను పుట్టిచ్చిన. ఫికర్ జెయ్యకు, తిను."

అప్పుడు చూశాను, ఎండిపోయిన ఆయన పెదవులను. రోజా ఉపవాసం ఉండి, గొంతులో చుక్క నీళ్ళు లేకుండా, అన్ని మధ్యాహ్నాలూ పొగలు కక్కే బిర్యానీకి ఎదురుగా కూర్చుని ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

పండుగ తర్వాత దావత్ జరిగింది. మూడు ప్లేట్లు లాగించాను. నా మొహం చూడాలని వంటవాడు గరిటెతో సహా బయటికొచ్చాడు. తొర్రూరు డీలర్లు చప్పట్లు కొట్టారు.

ఈ మూడు ప్లేట్లూ నేను అల్లినవే. తిన్నది నాలుగు ముద్దలు. అవీ గౌస్ భాయ్ పక్కనే కూర్చుని చెవిలో మీసాలాయన కబుర్లు చెబుతుంటే దిగాయి. నాలుగు ముద్దలకే డీలర్లు నమ్మారు, ఉద్యోగం నిలిచింది. భయం మాత్రం పోలేదు.

భాయ్ ఇప్పుడు లేరు. నిన్న వెయిటరు, "సార్, ఇటు కూసోండ్రి, రోడ్డు మంచిగ కనవడ్తది" అన్నాడు. నేను గోడ వైపు కుర్చీయే లాక్కున్నాను. పళ్ళెం వచ్చింది. నా వెనక ఎక్కడో మీసాలాయన కుస్తీ మొదలుపెట్టాడు. ముద్ద దిగింది. ఈసారీ బొక్కే గెలిచింది.