బరువు దించే రాయి దగ్గర

అందరూ బిడ్డల మీద ఒట్టేస్తారు. నాకా వీలు లేదు. అయినా నమ్మండి... ఇది నాకు జరిగింది.

మాధవరం దాటాక ఉత్తరంగా పోయే పాత రోడ్డు మీద మా అత్తవారిల్లు. ఒకప్పుడు నెల్లూరు బండ్లు ఆ దారినే పట్నం వచ్చేవట. ఎడ్లకు నీళ్ళు పట్టేచోట కొందరు తెలుగువాళ్ళు ఈ అరవ నేల మీదే నిలిచిపోయారు. గడ్డి అమ్మినవాళ్ళు, బండి చక్రాలకు ఇనప పట్టాలు వేసినవాళ్ళు... మా ఆయన పెద్దలూ వాళ్ళలోవాళ్ళే. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సగం ఇళ్ళకు ముందు గోడలు లేవు.

మా వీధి మొదట్లో ఒక రాయి ఉండేది. నిలువుగా రెండు బండలు, వాటి మీద అడ్డంగా ఒకటి, మెడ ఎత్తున. నెత్తిన మూటలతో నడిచేవాళ్ళు కాసేపు బరువు దించుకోవడానికి. కడుపులో బిడ్డతో చనిపోయిన ఆడమనిషి పేరున అలాంటివి నిలబెట్టేవాళ్ళు. ఇది మా ఇంటి కోడలిదే. ఎన్ని తరాల కిందటో!

నా బిడ్డ కూడా ఏడో నెలలో కడుపులోనే పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను మళ్ళీ ఉద్యోగానికి పోసాగాను.

ఆ రోజు పొద్దుగూకాక వాన. రోడ్డు తవ్వేశారని బస్సువాడు ముందే దించేశాడు. కరెంటు లేదు. ఫోన్‌లో చార్జి లేదు. గోడలు తడుముకుంటూ నడుస్తున్నాను. రాయి దగ్గరకు వచ్చేసరికి... ఊపిరి. ఎవరో రొప్పుతున్నారు. గాజులు కదిలాయి.

"అమ్మా... ఒక చెయ్యి పట్టు. దించుకోవాల."

మా అత్త మాట్లాడే తెలుగే. ఎవరో గంపలామె అనుకుని చేతులు చాచాను. తడి వెదురు తగిలింది. అబ్బ... ఎంత బరువో! ఇద్దరం కలిసి రాతి మీద పెట్టాం. ఆమె నిట్టూర్చింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నీకెన్నో నెల తల్లీ?"

ఏమీ లేదని చెప్పాలి. నోరు తెరిస్తే... "ఏడు" అని వచ్చింది.

"బురదగా ఉండాది. జాగర్తగా పో."

అంతలో మట్టి లారీ ఒకటి మలుపు తిరిగింది. వెలుతురు పడింది. ఎవరూ లేరు. గంప లేదు. తడిసిన రాతి మీద గుండ్రంగా, గంప అడుగంత పొడి మచ్చ... వాన మొదలవక ముందు నుంచే గంప అక్కడున్నట్టు. నేను చూస్తుండగానే చినుకు చినుకుగా తడిసిపోయింది.

ఇంటికెళ్ళి అత్తకు చెప్పాను.

"మన మాటలా, అరవమా?" అంది.

"మన మాటలే అత్తా."

తల తుడవడానికి తెచ్చిన తువ్వాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. "పావం..." అంది. తువ్వాలు నా తల మీద వేసి తుడవసాగింది.

"ఆసుపత్రిలో మన బిడ్డను నీకు చూపించలా గదా. నేను చూసినా. మొకం నీదే. జుట్టు ఒత్తుగా ఉండె."

అప్పుడు ఏడ్చాం, ఇద్దరం.

తర్వాతి వారం రాయిని యంత్రంతో లేపి తీసుకుపోయారు. ఎక్కడ పడేశారని మా ఆయన అడిగితే ఎవరూ చెప్పలేదు.

ఆమె నిజంగా గంపలామే కావచ్చు. ఆ రాత్రి తడవకుండా నా బ్యాగును చున్నీ కింద, పొట్ట మీదకు లాక్కున్నాను. అది చూసి కడుపనుకుని అడిగి ఉండొచ్చు. కానీ ఆ చీకట్లో నా చెయ్యే నాకు కనపడలేదు... ఆమెకు ఎలా కనపడింది?