పన్నెండో కీ

ఆత్మకూరులో మా ఆఫీసులో ఇళ్ల డ్రాయింగులు గీసేవాళ్లు పందొమ్మిది మంది. వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ కొన్న లైసెన్సు కీలు మాత్రం పన్నెండే. నేను గీయను. ఆ పన్నెండు కీలను పందొమ్మిది మందికి సర్దడమే నా ఉద్యోగం.

సాఫ్ట్‌వేర్ తెరిస్తే సర్వర్ నుంచి ఒక కీ మనకు వస్తుంది, మూస్తే తిరిగి వెళ్లిపోతుంది. అంతకన్నా ఏమీ లేదు. కానీ మావాళ్లు బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసిరే అలవాటున్నవాళ్లు. పొద్దున్నే సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టేసి, తీరిగ్గా టీకి పోయేవాళ్లు. నాకసలే ముక్కు మీద కోపం. 'వాడనివాళ్లు కీ వదలండి, ఇది మీ సొంత ఆస్తి కాదు' అని ఆఫీసు గ్రూపులో రోజుకు రెండుసార్లు తిట్టేవాణ్ణి. తిట్టడం నాకు బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఒక రోజు, కలువాయి ఊరి నుంచి వచ్చిన కొత్త అమ్మాయికి ట్రయల్లో ఆఖరి రోజు. మూడు నెలల ట్రయల్ మీద చేరింది. తను ఒంటరిగా గీస్తున్న మొదటి డ్రాయింగు, ఒక కల్యాణ మండపం మెట్లది, సాయంత్రం నాలుగుకు కస్టమర్‌కు చేరితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి పోవడమే. ఇంట్లోవాళ్లను ఒప్పించి రావడానికే ఆ పిల్లకు ఆరు నెలలు పట్టిందట.

రెండింటికి కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ లేని ఆమె కంప్యూటర్ ఆగి మళ్లీ లేచేలోపు, కాచుకుని ఉన్న ఇంకొకరు ఆ కీ అందుకున్నారు. వాళ్లకూ నాలుగే గడువు.

“అన్నా, కీ ఖాళీ లేదంటా ఉండాది,” అని వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేను ఊగిపోతూ లేచి ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి చూశాను. పదకొండు మంది నిజంగానే గీస్తున్నారు. పన్నెండో దొంగ ఎవరో అని సర్వర్‌లో జాబితా తెరిచాను. అందులో ఉన్నది నా లాప్‌టాప్.

ఆదివారం ఇంటి దగ్గర కొత్త వెర్షన్ పరీక్షించడానికి ఒక కీ వారం రోజులకు అరువు తీసుకున్నాను. పరీక్షించాను, మరిచిపోయాను. అలా తీసుకున్న కీని ఆ లాప్‌టాప్ నుంచే తిరిగి ఇవ్వాలి. లాప్‌టాప్ ఏమో ఉదయగిరిలో మా ఇంట్లో ఉంది. బస్సులో పోతే నాలుగు దాటిపోతుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఇంటి వెనక షెడ్డులో ఇంకో నలుగురు ఆడవాళ్లతో కలిసి చెక్క గరిటెలు, చెంచాలు చెక్కుతుంది.

“అమా, నా లాప్‌టాప్ తెరువు. కొంచెం అర్జంటు.”

“చేతి నిండా పొట్టు ఉండాది. ఉండు, కడుక్కొస్తా.”

తెరిచింది. పాస్‌వర్డ్ అడిగింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, చుట్టూ జనం మూగారు. గతిలేక 'కజ్జికాయలు' అని ఇంగ్లీషులో ఒక్కో అక్షరం చెప్పాను. ఆఫీసంతా గొల్లుమంది. కలువాయి అమ్మాయి కూడా నవ్వింది, దానికి మాత్రం నాకు సంతోషమేసింది.

“బాణం ఏడికో పోతా ఉండాదిరా.”

“మెల్లగా జరుపమా. పైన రిటర్న్ అని ఉంటాది, దాని మీద నొక్కు.”

“ఏందిరా నువ్వు తెచ్చింది? ఎవరిది?”

“ఆఫీసుదమా. కీ. తిరిగి ఇయ్యడం మరిచిపోయినాను.”

 “మా షెడ్డులో ఆకురాయి తీసుకున్న మనిషి, తను సగం చెక్కిన గరిటె దాని మేకుకు తగిలించి పోతాది. ఎవరి దగ్గరుండాదో చూస్తానే తెలుస్తాది. ఇంత చదివినావు, ఆ మాత్రం తెలీదా?” అని, ఆ మాటతోపాటే రిటర్న్ నొక్కేసింది.

జాబితాలోంచి నా లాప్‌టాప్ మాయమైంది. కలువాయి అమ్మాయి అప్పటికే తన కుర్చీలో ఉంది. నాలుగుకు ఐదు నిమిషాలుండగా డ్రాయింగు వెళ్లింది. ఐదింటికి, ఆమె రేపటి నుంచి పర్మనెంటని మేనేజరు చెప్పాడు. నా జీతం పెరిగినప్పుడు కూడా నేనంత సంబరపడలేదు.

తర్వాతి వారం అమ్మ నర్ది అనే అడవి చెట్టు కర్రతో పన్నెండు చెంచాలు చెక్కి, అంకెలు వేసి పంపింది. ఆఫీసు గోడకు పన్నెండు మేకులు కొట్టాం. కీ కావాల్సినవాళ్లు ఒక చెంచా తీసి టేబుల్ మీద పెట్టుకోవాలి, పని కాగానే తగిలించాలి. టీకి పోయేవాడి టేబుల్ మీద చెంచా కనబడితే అందరూ వాణ్ణే చూస్తారు. నాకిక గ్రూపులో తిట్టే పని లేకుండా పోయింది. గోడ బాధ్యత కలువాయి అమ్మాయి తీసుకుంది.

మొన్న సాయంత్రం ఉదయగిరి బస్సులో కూర్చున్నానో లేదో ఆమె ఫోన్.

“అన్నా, పన్నెండో మేకు ఖాళీగా ఉండాది. ఒకసారి జేబు చూసుకోండి.”

చూసుకున్నాను. ఉంది.

“రేపు పొద్దున రాగానే తగిలించండి. అది మీ సొంత ఆస్తి కాదు,” అంది, అచ్చం నా గొంతుతో.

పక్క సీటాయన ఏమైందని అడిగేదాకా నవ్వుతూనే ఉన్నాను.