ముందు మాట్లాడిన కాటా

2005 డిసెంబరులో, డెల్టాలో సార్వా వరి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, నేను విజయవాడలో తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. కాటాలను ప్రమాణ బరువులతో పరీక్షించి ముద్ర వేయడం, ఫిర్యాదు వస్తే తిరిగి పరీక్షించడం మా విధి. కంకిపాడు సమీపంలోని ఒక రైసుమిల్లుకు వెంటనే వెళ్లమని మా అసిస్టెంట్ కంట్రోలరు ఆదేశించారు.

నేను చేరేసరికి రైతులు కాటా గదిని చుట్టుముట్టి ఉన్నారు. లోపల గుమస్తా సుబ్బారావు, గుమ్మంలో ఒక కానిస్టేబులు. ఆ మిల్లులో ట్రాక్టర్లను తూచే కాటాలు రెండు పక్కపక్కనే ఉండేవి. ముందురోజు ఒకటో కాటా మీద వీరయ్య అనే రైతు ధాన్యం ట్రక్కు, రెండో కాటా మీద సుబ్బారావు బావమరిది ట్రక్కు ఉండగా చీటీలు తీశారు. కాటాకు నేరుగా తగిలించిన బయటి బోర్డు మీద ఎర్రటి అంకెల్లో కనిపించిన బరువు కంటే వీరయ్య చీటీలో అరటన్ను తక్కువ పడింది. బావమరిది చీటీలో సరిగ్గా అంతే ఎక్కువ పడింది.

“బండి వెనక్కి తియ్యమన్నప్పుడే అనుమానం వచ్చిందండీ. నా వడ్లు తీసి బామ్మర్ది బండిలో పోశాడు, చేతికి దుమ్ము అంటకుండా,” అన్నాడు వీరయ్య.

“అంకె కొట్టే వీలే నాకు లేదండీ. కంప్యూటర్లో ఏదొస్తే అదే చీటీ,” అన్నాడు సుబ్బారావు. అప్పటికే అతని గొంతు బొంగురుపోయింది.

మిల్లు యజమాని నన్ను పక్కకు పిలిచి, కాటా సరిగా ఉందని రాసిస్తే చాలునని, గుమస్తా సంగతి పోలీసులు చూసుకుంటారని చెప్పాడు. ముద్రలు చూశాను, చెక్కుచెదరలేదు. బరువులు పెట్టించాను, రెండు కాటాలూ చట్టం అనుమతించిన తేడాకు లోబడే ఉన్నాయి. ఆనాడు చీటీలు కూడా సరిగానే వస్తున్నాయి. యజమాని కోరిన వాక్యం అక్షరాలా నిజమే. నేను దాన్ని రాసిన మరుక్షణం సుబ్బారావును స్టేషనుకు తీసుకుపోతారు. అందుకే రాయలేదు. నేను పరీక్షించినది కాటాను. వీరయ్య చేతిలో ఉన్నది కంప్యూటరు ఇచ్చిన చీటీ.

కొత్త కంప్యూటర్లకు పాత సీరియల్ పోర్టు ఉండటం లేదని, కాటా తీగలను యూఎస్‌బీ కన్వర్టర్ల ద్వారా తగిలించారు. రెండూ ఒకే రకానివి. ఏది ఏ కాటాదో సాఫ్ట్‌వేరు ఎలా గుర్తిస్తుందని దాన్ని అమ్మి, ఫిర్యాదు విని వచ్చిన ఇంజనీరును అడిగాను.

“అదే కనుక్కుంటుందండీ. ఆటోమేటిక్.”

“ఎలా కనుక్కుంటుంది?”

“బరువు పంపే పోర్టు కోసం వెతుకుతూ ఉంటుందండీ. ముందు దొరికింది ఒకటోది, తర్వాతది రెండోది. ఎప్పుడూ ఒకటోదే ముందు వేస్తారు కదండీ.”

ముందురోజు ఏం జరిగిందో చెప్పమని సుబ్బారావును అడిగాను. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందట. అప్పుడు ఒకటో కాటా మీద వీరయ్య బండి ఉంది. బరువు పైన ఉండగా మీట వేస్తే కాటా ఆ బరువునే సున్నాగా పట్టుకునే ప్రమాదం ఉంది. ఖాళీగా ఉన్నప్పుడే వేయాలన్నది మా శాఖ నేర్పే నియమం. అందుకని అతను కంప్యూటరుతోపాటు ఖాళీగా ఉన్న రెండో కాటాను ముందు వేసి, వీరయ్యచేత బండి వెనక్కి తీయించి, ఆపైన ఒకటో దాన్ని వేశాడు. ఆ ఉదయం మాత్రం ఎప్పటిలా ఒకటోదే ముందు వేశారట.

అన్నీ ఆపించి, అదే వరుసలో తిరిగి వేయించాను. వీరయ్యను ఒకటో కాటా మీద నిలబడమన్నాను. పక్క కాటా ఖాళీ. కంప్యూటరు తెర మీద ఒకటో గడిలో సున్నా, రెండో గడిలో తొంభై కిలోలు కనిపించాయి. కిటికీలోంచి తెర చూసి వీరయ్య, “నేనిక్కడుంటే నా బరువు ఆ పక్క కాటాకి రాశారేంటండీ?” అన్నాడు.

“మీరు కూడా మా బావమరిది బండెక్కారు, బాబాయ్,” అన్నాడు సుబ్బారావు. ఎవరూ నవ్వలేదు, కానీ గుంపు వెనక్కి జరిగింది. కానిస్టేబులు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇంజనీరు దీన్ని చిన్న సర్దుబాటు అన్నాడు. ఒక మనిషిని దొంగను చేసినదాన్ని చిన్నదనడం నాకు సమ్మతం కాలేదు. ఆ మాటే యజమాని ఎదుట చెప్పాను. ప్రతి కాటా బరువుతోపాటు తన నంబరునూ పంపేలా మార్చేవరకు కంప్యూటరు చీటీలు ఇవ్వరాదని, బోర్డు చూసి చేత్తో రాయాలని ఉత్తర్వు ఇచ్చాను. గుమస్తా నియమాన్ని పాటించినందువల్లే లోపం బయటపడిందని నివేదికలో రాశాను. అయినా యజమాని సుబ్బారావును గోదాముకు మార్చాడు. దానిమీద నాకు అధికారం లేకపోయింది.

మా ముద్ర కాటాకు మాత్రమే హామీ, చీటీకి కాదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, కంప్యూటరు తగిలించిన ఏ కాటానైనా అన్ని వరుసల్లోనూ ఆపి, వేసి, చీటీ తీయించి చూశాకే సంతకం చేశాను. ఆలస్యమవుతోందని యజమానులు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను.