తోడికోడలు తెచ్చిన గెలాక్సీ

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక గెలాక్సీని వేలితో అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే, ముచ్చటపడాల్సింది పోయి, ఎప్పటిదో పాత మంట నా కడుపులో చురుక్కుమంది. మన ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుంది, కొన్ని అసూయలు జుట్టుతోపాటు నెరవవు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము రాజమండ్రిలో ఉమ్మడిగా ఉండేవాళ్ళం. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. అయినా రిటైర్డ్ హెడ్మాస్టరైన మా మావగారు నన్ను అడిగేది కాఫీ సంగతీ, మజ్జిగ సంగతీ మాత్రమే. మొగల్తూరు నుంచి మా మరిదికి చేసుకున్న అమ్మాయి పూణెలో ఖగోళశాస్త్రం పరిశోధన చేస్తుండేది. ఒక వేసవిలో ఇంటికొస్తూ తన పనంతా సీడీల్లో తెచ్చి, హాల్లో ఉన్న కంప్యూటర్లో పెట్టింది.

ఆమె దాన్ని క్యూబ్ అనేది. ఒకే గెలాక్సీలోని వాయువును దాని వేగాన్నిబట్టి విడదీసిన బొమ్మలు, పేకదస్తాలా ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉండేవి. మౌస్‌తో జరుపుతూ పోతే ముందు ఎడమ అంచున ఒక మరక వెలిగి, నడుమకు పాకి, చివరికి కుడి అంచున ఆరిపోయేది. మావగారు కుర్చీ లాక్కుని ఆమె పక్కన చేరి, "అంటే తిరుగుతోందన్నమాట! ఒక పక్క మన మీదకొస్తోంది, రెండో పక్క దూరంగా పోతోంది, అంతేనా అమ్మా?" అని సంబరపడిపోయారు. ఏటేటా ఇదే సంగతిని డాప్లర్ పాఠంగా చెప్పే నేను, వంటింటి గుమ్మంలో అరటికాయల చెక్కు తీస్తూ ఆ మాట విన్నాను. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం ఆమే, "అక్కా, మీరూ ఓసారి చూడండి, నా కళ్ళు లాగేస్తున్నాయి" అని మౌస్ నా చేతికిచ్చింది. పంతంకొద్దీ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, వెలుగు పెంచీ తగ్గించీ చూశాను. గెలాక్సీ బయట సన్నని పొగతోక లాంటిది కనిపించింది. ముందు బొమ్మలోనూ, వెనక బొమ్మలోనూ అక్కడే ఉంది కనుక ఉత్త మచ్చ కాదు, నిజమైన వాయువే. ఆమె దిగ్గున లేచి, "మావయ్యగారండీ, అక్క పట్టుకున్నారండి! నాకిన్నాళ్ళూ కనపడనే లేదు" అని ఇల్లంతా వినపడేలా కేకేసింది.

మావగారు వచ్చి చూసి, "నీకూ ఇవన్నీ తెలుసా అమ్మా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కనిపెట్టింది నేనే, కాని అంత ధారాళంగా నా పేరు చెప్పగలిగిన మనసు ఆమెది. దాన్ని చూసి మరింత కుళ్ళుకున్నాను.

తరవాత ఎవరి కాపురాలు వాళ్ళవయ్యాయి, మావగారూ పోయారు. ఇప్పుడు ఎవరి తెర వారిది, ఎవరి చూపు వారిది. పక్కవాళ్ళు ఏ ఆకాశాన్ని చూసి మురిసిపోతున్నారో మనకు తెలియనే తెలియదు. కడుపారా అసూయపడదామన్నా, అంత దగ్గరగా మసలే మనిషంటూ ఎవరున్నారు?